కులం గడిలో నేను రాసింది

ఆ రోజుల్లో మా జిల్లాలో ఒక ఊరిని హడలగొట్టాలంటే నాటుబాంబులు కావాలి, జీపులు కావాలి, వెనక పదిమంది మనుషులు కావాలి. నాకు అవేవీ అక్కర్లేకపోయాయి. ఒక ఫౌంటెన్ పెన్నూ, అరగంట తీరికా, తలనిండా ఆదర్శమూ ఉంటే చాలని నిరూపించాను. ఆ దెబ్బకు ఊళ్ళోని రెండు పార్టీలూ ఒకే రోజు నా గుమ్మం తొక్కాయి, మండలాఫీసు తల పట్టుకుంది, ఒక ఆడపిల్ల చదువు గాలిలో వేలాడింది. చదివి మీరు నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఆ పిల్ల నవ్వడానికి మాత్రం కొన్నేళ్ళు పట్టింది.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. జమ్మలమడుగుకు దగ్గర్లో ఒక ఊరి హైస్కూల్లో మేష్టరుని. ఊరి పేరు చెప్పను. అప్పటి పెద్దల మనుమలు ఇప్పుడు పుస్తకాలు చదువుతున్నారు. మాది ప్రొద్దుటూరు, మా నాన్నది గుడ్డల అంగడి. నేను సంఘసంస్కరణ చర్చల్లో పడి ఇంటిపేరు వదిలేశాను, కులం వదిలేశాను, నుదుటి మీద బొట్టు వదిలేశాను. చేరిన మొదటి రోజే స్కూల్లో అందరికీ చెప్పాను, నన్ను శెట్టి సారు అనొద్దని. "అట్నే శెట్టి సారూ" అన్నారందరూ.

ఒక ఆదివారం పులివెందులలో చర్చావేదిక జరిగింది. మనిషి ముందుగా తన తాతల వారసుడా, తన దేశపు పౌరుడా అన్నది విషయం. దేశం పక్షాన నేను నలభై నిమిషాలు మాట్లాడాను. తాతల పక్షం మాట్లాడినాయనకు గొంతు జీర, పైగా మైకు చెడిపోయింది. కనుక నేనే గెలిచాను. శాలువా కప్పారు. మే నెల ఎండలో ఆ శాలువా తీయకుండానే బస్సులో తిరిగి వచ్చానన్నదాన్ని బట్టి నా మానసిక స్థితి మీరే ఊహించుకోండి. అది మే కాదు, జనవరి అయి ఉండాలి, ఎందుకంటే మర్నాడే పదో తరగతి పరీక్షలకు పోయే పిల్లల వివరాల పట్టీ నా బల్ల మీదికి వచ్చింది. మా సీమలో జనవరికీ మే నెలకూ తేడా మనిషిని బట్టి ఉంటుంది.

పట్టీలో ఒక గడి జాతీయత, దాని కింద గడి కులం. కులం గడి చూడగానే నాలో శాలువా కదిలింది.

అందరు పిల్లలకూ మార్చేద్దామనే అనుకున్నాను. కానీ పై వీధి పిల్లల తండ్రులకు జీపులున్నాయి, కింది వీధి పిల్లల తండ్రులకు వేటకొడవళ్ళున్నాయి. సంస్కర్తలు ఎప్పుడూ మెత్తటి మనిషినే వెతుక్కుంటారు. నాకు దేవసహాయం అయ్యవారు దొరికాడు. ఆ ఊరి ఎలిమెంటరీ స్కూలు మేష్టరు. దొరల కాలంలో క్రైస్తవంలో కలిసిన కుటుంబం. ఆయన ఒక్కగానొక్క కూతురు ఎస్తేరు మా స్కూల్లో పదో తరగతి.

"అయ్యవారూ, మీ తాత ఏ కులమైతే ఎస్తేరుకు ఎందుకు? ఆ పిల్ల ఈ దేశపు పౌరురాలు. అంతకంటే పెద్ద పేరేముంది?" అన్నాను.

"మంచి మాటే సారూ. గవర్మెంటోళ్ళు ఒప్పుకుంటారా?" అన్నాడాయన.

"గవర్నమెంటు పేరే రాస్తుంటే గవర్నమెంటు ఎందుకు ఒప్పుకోదు?"

ఆయన తల గోక్కున్నాడు. ఇంతలో గంట కొట్టారు, వెళ్ళిపోయాడు. తల గోక్కోవడాన్ని నేను అంగీకారం కింద జమ కట్టాను. జాతీయత: ఇండియన్. కులం: ఇండియన్. ఒకదాని కింద ఒకటి కవల పిల్లల్లా ఎంత ముచ్చటగా ఉన్నాయో. సిరా ఆరేదాకా చూస్తూ కూర్చున్నాను.

రెండేళ్ళ తర్వాత ఎస్తేరు టీచర్ ట్రైనింగు ప్రవేశపరీక్ష రాసింది, మంచి ర్యాంకు తెచ్చుకుంది. దళిత కులాల నుంచి క్రైస్తవంలోకి మారిన కుటుంబాల పిల్లలకు వెనుకబడిన తరగతుల్లో చిన్న కోటా ఒకటుంది. ఆ సర్టిఫికెట్టు ఉంటే సీటు ఖాయం, లేకుంటే ఆశ లేదు. కడపలో ఇంటర్వ్యూకు మూడు వారాలు గడువు. తండ్రీ కూతుళ్ళు మండలాఫీసుకు పోయి, అక్కడినుంచి నేరుగా నా దగ్గరికి వచ్చారు.

"ఇండియన్ అనే కులం వాళ్ళ లిస్టులో ల్యాదంట సారూ" అంది ఎస్తేరు. "ఆ గుమాస్తా ఆయప్ప పుస్తకమంతా తిరగేసి సూసినాడు."

నేను ఉగ్రుణ్ణై ఆఫీసుకు వెళ్ళాను. గుమాస్తా కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. భారతదేశపు ఆఫీసులో, భారతదేశపు కుర్చీలో కూర్చుని భారతీయులు లేరనడం ఏమిటని అడిగాను.

"ఉంటే ఉండనీ సారూ, నేనొద్దంటినా" అన్నాడు శాంతంగా. "ఏ గ్రూపో చెప్పండి. బీసీలైతే ఏబీసీడీలల్లో యాది? ఓసీలైతే ఈడికెందుకు వచ్చినారు?"

పులివెందులలో ఎవరూ ఈ ప్రశ్న వేయలేదు మరి. ఇక్కడ బుద్ధున్నవాడైతే "పొరపాటు జరిగింది, సరిదిద్దండి" అని రెండు వాక్యాలు రాసిచ్చేవాడు. నేను అక్కడే బెంచీ మీద కూర్చుని నాలుగు పేజీల అర్జీ రాశాను. ఇండియన్ అనేది కూడా ఒక గుర్తింపేననీ, విచారించి ధ్రువీకరించవలెననీ. గుమాస్తా దానికి నంబరు వేసి విచారణకు పంపాడు. వ్యాసాలకు బహుమతులిస్తారు గానీ అర్జీలకు విచారణే జరుగుతుందని నాకప్పటికి తెలియదు.

రెండు వారాలు గడిచాక ఒక పొద్దున ఊళ్ళో దండోరా పడింది. ఇండియన్ కులస్థులు ఎవరైనా ఉంటే పంచాయతీ ఆఫీసు కాడికి రావాలని. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఇన్నేళ్ళకు, ఊరూరా ఇండియన్లే ఉన్న దేశంలో, ఒక్కరంటే ఒక్కరు కదల్లేదు. గుండె మండి నేనే వెళ్ళాను. విచారణకొచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు నన్ను చూసి మర్యాదగా లేచాడు. "నేను ఇండియన్ని, రాసుకోండి" అన్నాను.

"మీరు శెట్టోళ్ళు గదా సారూ" అని నవ్వాడాయన. "మా పాప పెండ్లికి మీ నాయన అంగట్లోనే గుడ్డలు తీసుకుంటిమి" అని నన్ను లెక్కలోంచి కొట్టేశాడు.

ఇంటికి వచ్చేసరికి పై వీధి పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. పంచాయతీ ఎన్నికలు ముందున్నాయి. వాకిట్లో ఆయన మనుషులు నలుగురు.

"ఏంది సారూ, ఊర్లేకి కొత్త కులమొకటి దిగిందంట. ఎన్నిండ్లుండాయి?"

"ఒక ఊరేమిటి, దేశమంతా వాళ్ళే" అన్నాను.

ఆయన ముఖంలో రంగు మారింది. "దేశం సంగతి నాకెందుకప్పా. మన పంచాయతీలో ఓట్లెన్ని? కింది వీధిలో గూడా ఉండారా?"

"ఉన్నారు."

"వాళ్ళకు పెద్దెవరు?"

"ఎవరూ లేరు."

పెద్ద లేని కులం ఉంటుందని ఆయన ఊహించి ఉండడు. అంతలో ఆయన కళ్ళు మెరిశాయి. మెల్లగా దగ్గరికి జరిగి, వాళ్ళను తన తట్టు రమ్మని చెప్పమన్నాడు, వాళ్ళ వీధిలో బోరింగు వేయిస్తానన్నాడు. కులం కాదు, భావన అని నేను వివరించబోతే, "భావనోళ్ళకు గూడా నీళ్ళు కావల్ల గదప్పా" అన్నాడు.

మధ్యాహ్నం కింది వీధి పెద్దాయన వచ్చాడు. ఈయన కూర్చోలేదు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు పనికొచ్చిన బయటి రాష్ట్రాల వాళ్ళను పై వీధివాళ్ళు ఇండియన్లని పేరు పెట్టి ఓట్ల జాబితాలో రాయిస్తున్నారని, దానికి నేనే రాతగాణ్ణని ఆయనకు కబురందింది. "సూడు శెట్టి సారూ, నువ్వు సదువు చెప్పుకో. మనుషుల్ని దింపే పని పెట్టుకోవద్దు" అని మాత్రం చెప్పి వెళ్ళాడు. చాలా నెమ్మదిగా చెప్పాడు. ఆ నెమ్మది తల్చుకుంటే ఇప్పటికీ నాకు దాహం వేస్తుంది.

సాయంత్రానికి ఇద్దరు పెద్దలూ ఇన్‌స్పెక్టరు దగ్గరికి వేర్వేరుగా పోయి తమ వైపు ఇండియన్లు ఒక్కరూ లేరని రాసిచ్చారు. ఆయన బద్ధకించి రెండు వాంగ్మూలాలనూ ఒకే కాగితం మీద తీసుకున్నాడు. నాకు తెలిసి ఆ రెండు వీధులూ కలిసి సంతకం పెట్టిన కాగితం అదొక్కటే.

అంటే నేను దేశాన్ని కలపాలనుకున్నానా, కలిపానా, విడగొట్టానా? నాకేమీ అర్థం కాలేదు. వాదన నాదే కరెక్టు. ఫలితం ఒక్కటీ కరెక్టు కాదు. ఇంటర్వ్యూకు ఐదు రోజులుంది.

ఆ రోజు దేవసహాయం అయ్యవారు వచ్చాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మీరు కులం వద్దనుకుంటే పోతాది సారూ" అన్నాడు. "ప్రొద్దుటూర్లో మీ నాయన అంగడి బోర్డు ఉండనే ఉంటాది. మాకు వద్దనుకోడానికి గూడా ముందు కాగితం కావల్ల."

ఆయన వెళ్ళాక పులివెందుల శాలువాను మడిచి పెట్టె అడుగున పెట్టాను.

ఎస్తేరు మాత్రం తండ్రి కోసం గానీ, నా కోసం గానీ ఆగలేదు. జమ్మలమడుగు పోయి పాత చర్చిలో పాస్టరు గారిని బతిమాలి బాప్తిస్మపు రిజిస్టర్లు తీయించింది. పొద్దుటినుంచి వెతికితే సాయంత్రానికి దొరికిందట. ముత్తాత పాత పేరు, కులం, ఊరు, చేసే పని, దొర పెట్టిన కొత్త పేరు. పాస్టరు సంతకంతో నకలు తీసుకుని వచ్చింది.

"మా ముత్తాత పేరు నాగన్నంట సారూ" అంది. "మా నాయనకే తెలీదు. సూసి ఏడ్సినాడు." తర్వాత నా ముందు తెల్ల కాగితం పెట్టింది. "ఇప్పుడు హెడ్మాస్టర్‌కు మీరు ఒక కాగితం రాయల్ల. నాలుగు పేజీలొద్దు. నేను చెప్తా, మీరు రాసుకోండి."

నా విద్యార్థిని నాకు డిక్టేషన్ చెప్పింది. "ఈ పిల్ల కులం గడిలో నేను వాళ్ళను అడక్కుండా తప్పు రాసినాను."

"'ఆదర్శంతో' అని ఒక్క మాట చేర్చనా?"

"వద్దు సారూ."

రాశాను. సంతకం పెడుతూ, ఇండియన్ అన్నది తప్పంటే మనసొప్పుకోవడం లేదని గొణిగాను.

"నేను ఇండియన్ని కాదని ఎవరన్నారు సారూ? దానికి పైన వేరే గడి ఉండాది గదా. ఆడ గూడా మీరే రాసినారు" అంది.

రెండేళ్ళుగా నా కళ్ళ ముందున్న గడి అది. ప్రొద్దుటూరు మొదలు పులివెందుల దాకా ఏ వేదిక మీదా ఎవరూ నా వాదనను ఇంత తక్కువ మాటల్లో పడగొట్టలేదు. హెడ్మాస్టరు సరిదిద్దాడు, సర్టిఫికెట్టు ఇంటర్వ్యూకు ముందురోజు చేతికొచ్చింది, ఎస్తేరుకు సీటు వచ్చింది.

ఇక్కడితో అయిపోతే ఇది నవ్వుకునే కథ ఎందుకవుతుంది? నెల తర్వాత నాకు రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. నేను మరిచిపోయిన ఆ నాలుగు పేజీల అర్జీని ప్రభుత్వం మరిచిపోలేదు. పైన మూడు సింహాల ముద్ర, కింద ఇలా ఉంది:

"తమరి అర్జీపై విచారణ జరుపగా తేలినదేమనగా, సదరు ఇండియన్ కులస్థులు ఈ గ్రామమునందు ఎవరును నివసించుట లేదు. గ్రామములోని ఉభయ పక్షముల పెద్దలు ఈ విషయమును ఏకగ్రీవముగా ధ్రువీకరించినారు. అర్జీదారుడు తాను ఇండియన్ అని చెప్పుకొనినప్పటికీ, ప్రొద్దుటూరు గుడ్డల అంగడి శెట్టిగారి కుమారుడని రుజువైనందున, ఆయన వాదన తిరస్కరించడమైనది."

ఆ మూడు సింహాల మీద చెయ్యి పెట్టి, సర్వజనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకొకరి గడిలో నా ఆదర్శం రాయను. శాలువా కప్పినా రాయను. నా కులం గడి అంటారా, దాన్ని ఎప్పుడూ ఖాళీగానే వదిలేస్తాను. గుమాస్తా నన్ను అడక్కుండానే నింపుకుంటాడు.