రెండో బ్రేకు

అందరూ ఆవిడను బ్రేకక్క అనేవారు. ఎదురుగా కాదు, చాటున. అయినా ఆవిడకు తెలుసు. ఆవిడ పనిచేసే డ్రైవింగ్ స్కూలు కారులో టీచరు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉండేది, నేర్చుకునేవాళ్లు తడబడితే తొక్కడానికి. దాని మీద నుంచి ఆవిడ పాదం పక్కకు జరగ్గా చూసినవాళ్లు లేరు. ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా కాలు నేలకేసి నొక్కుతూనే ఉంటుందని తెలిసినవాళ్లు ఆటపట్టించేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేది. ఆవిడ ఎడం భుజం కుడిదానికంటే కాస్త కిందికి వాలి ఉండేది. దాని జోలికి మాత్రం ఎవరూ వెళ్లేవారు కాదు.

ఆ దేశం వచ్చిన కొత్తలో ఆవిడకు స్టీరింగు పట్టుకోవడం కూడా రాదు. భర్త లిఫ్టు మెకానిక్కు. నోట్లో నాలుక లేని మనిషి. బాత్రూములో బొద్దింక కనిపిస్తే కాగితం మీదికి ఎక్కించి కిటికీలోంచి బయటికి వదిలే రకం. సొంత ఊళ్లో స్కూటరు నడిపే రోజుల్లో, వెనక కూర్చున్న ఆవిడే "కాస్త పోనివ్వండి, నడిచేవాళ్లు మనల్ని దాటిపోతున్నారు" అని పోరుపెట్టేది.

కొత్త దేశపు రోడ్లు అద్దంలా ఉండేవి. తెల్లగీతలు, బాణాలు, అడుగడుక్కీ బోర్డులు. వాటి మీద తిరిగే మనుషులే వేరు. వెనక బండి వచ్చి డిక్కీ వాసన చూస్తున్నట్టు అంటుకునేది. లైట్లు కొట్టి కొట్టి ముందువాడి ప్రాణం తీసేవాళ్లు. మలుపు దగ్గరికి వచ్చాక అప్పుడే గుర్తొచ్చినట్టు అన్ని వరసలనూ అడ్డంగా కోసుకుంటూ పోయేవాళ్లు. మన దగ్గర హారన్ అంటే "వస్తున్నా, చూసుకో" అని అర్థం. అక్కడ హారన్ అంటే బూతు.

మొదట్లో ఆయన అందరికీ దారిచ్చేవాడు. తోటి మెకానిక్కులు "పెళ్లికూతురి బండి వస్తోంది, తప్పుకోండి" అని నవ్వేవాళ్లు. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఒక వ్యానువాడు పక్కకొచ్చి, అద్దం దించి, ఆయన మొహాన ఉమ్మేసి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆయన సబ్బుతో మొహం తోముకుంటూనే ఉన్నాడు. ఆవిడ తలుపు కొట్టి, "ఏమైందండీ?" అంటే, "ఏం లేదు, గ్రీజు" అన్నాడు.

అప్పట్నించి మనిషి మారాడు. ఇంట్లో అదే మెత్తదనం. బెల్టు పెట్టుకుని తాళం తిప్పితే మాత్రం ఒంట్లోకి ఇంకెవరో దూరేవాళ్లు. ఆ దేశపు బూతులు ఆ దేశంవాళ్ల కంటే చక్కగా పలికేవాడు. అడ్డంగా దూరినవాడి వెంటపడి దాటి, వాడి ముందుకెళ్లి బ్రేకు కొట్టేవాడు. డిక్కీలో ఉండాల్సిన వీల్ పానా సీటు కిందికి వచ్చి చేరింది. "అదెందుకండీ ఇక్కడ?" అని అడిగితే, "టైరు పంక్చరైతే చేతికి అందుబాటులో ఉంటుందని" అన్నాడు. టైరు మార్చడానికి సీటు మీద కూర్చోవాలా అని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే బావుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లు సరుకులు కొనుక్కుని వస్తున్నారు. కోడిగుడ్ల అట్ట ఆవిడ ఒళ్లో ఉంది. వెనక ఒక తెల్లజీపు వచ్చి అంటుకుని లైట్లు కొట్టడం మొదలుపెట్టింది.

"పక్కకి జరగండి, పోతాడు."

"ఎందుకు జరగాలి? రోడ్డు వాడి అత్తగారిచ్చిందా?"

అని ఆయన బ్రేకు నొక్కి వదిలాడు. జీపు కీచుమంటూ ఊగిపోయి, పక్క వరసలోకి దూకి, వీళ్ల పక్కకు వచ్చింది. అందులోవాడు నిండుగా ఉన్న కూల్‌డ్రింకు సీసా విసిరాడు. అది ముందద్దం మీద పగిలింది. అద్దం సాలెగూడులా చీలింది. ఆయన దవడ బిగుసుకోవడం ఆవిడ చూసింది.

"వద్దండీ, మీకు దండం పెడతాను."

"నోరు మూసుకుని కూర్చో. వీడి అంతు చూస్తాను ఇవాళ."

పెళ్లయ్యాక ఆయన ఆవిడను నోరు మూసుకోమనడం అదే మొదలు. కారు ఒళ్లంతా వణికేంత వేగంగా పోయింది. గుడ్లు ఒక్కొక్కటే పగిలి ఆవిడ బట్టల మీదికి కారాయి. పెట్రోలు బంకు దాటాక జీపువాడు రోడ్డు పక్కన ఆపాడు. పారిపోవడం వాడికీ ఇష్టం లేదు. మెడ లావుపాటి మనిషి, చేతిలో ఇనప గొట్టంతో దిగాడు. ఈయన పానా తీసుకుని దిగాడు.

మాటలేం లేవు. జీపువాడు ముందు కారు లైటు పగలగొట్టి, రెండో దెబ్బ ఈయన వీపు మీద వేశాడు. ఈయన మూలుగుతూ ముందుకు వంగి, ఆ వంగడంలోనే వాడి మోకాలి మీద పానాతో కొట్టాడు. ఎండు కట్టె విరిచినట్టు చప్పుడైంది. వాడు కేకపెట్టి కూలబడ్డాడు. గొట్టం దొర్లిపోయింది. వాడు రెండు చేతులూ ఎత్తి చాలు అన్నట్టు ఊపాడు. ఈయన అదే మోకాలి మీద మళ్లీ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. పక్కనుంచి బండ్లు పోతున్నాయి. కొందరు నెమ్మది చేసి, అద్దాలు దించి ఫోనుల్లో బొమ్మ తీసుకుని పోయారు.

ఆయన పానాను రెండు చేతులతో తల మీదికి ఎత్తడం చూసి ఆవిడ పరుగెత్తింది. ఆలోచించి చేసిన పని కాదు. వెళ్లి కిందపడ్డవాడి మీద పడింది. వాడి తలకు తగలాల్సిన దెబ్బ ఆవిడ ఎడం భుజం మీద పడింది. లోపల ఎముక రెండు ముక్కలవడం ఆవిడకు తెలిసింది. కింద ఉన్నవాడు, తనని కొట్టడానికి వచ్చిన రెండో మనిషనుకున్నాడో ఏమో, జుట్టు పట్టుకుని ఆవిడ తలను కంకర కేసి కొట్టాడు. నుదురు చిట్లింది. రక్తం కళ్లలోకి కారుతుంటే ఆవిడ పైకి చూసింది.

భర్త పానా మళ్లీ ఎత్తి ఉన్నాడు. ఆయన కళ్లు ఆవిడనే చూస్తున్నాయి, కానీ ఆవిడను గుర్తుపట్టలేదు. ఆ చూపు ముందు భుజం నొప్పి లెక్కలోకి రాలేదు.

"నేనండీ!" అని అరిచింది. "నేను, నేనండీ!"

పానా ఆయన చేతుల్లోంచి జారి ఆయన కాలి మీదే పడింది. కూర్చుండిపోయి పసిపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు.

ఆసుపత్రిలో పోలీసు అధికారిణి మంచం పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "మీ ఆయన చెయ్యి జారి మీకు తగిలిందా? ఆయన ఆత్మరక్షణ కోసం కొట్టాడా?" అవునంటే సరిపోయేది. ఆ అధికారిణి కూడా అవుననమన్నట్టే చూసింది.

"చెయ్యి జారలేదు" అంది ఆవిడ. "వాడు పడిపోయి చాలు చాలని చేతులెత్తాక కూడా కొట్టాడు. ఆఖరి దెబ్బ తలకే. నేను అడ్డం పడ్డాను."

కోర్టు ఇద్దరు మగవాళ్ల లైసెన్సులూ రద్దు చేసి, ఆయన్ను జైలుకు పంపింది. ఆయన అక్క ఫోను చేసి శాపనార్థాలు పెట్టింది. "కట్టుకున్నవాణ్ణి కటకటాల్లో పెట్టించిన మహాతల్లివి నువ్వేనమ్మా! ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయేది?"

"ఇంకో దెబ్బ పడితే మీ తమ్ముడు హంతకుడయ్యేవాడు వదినా. అది మీరు చూడలేదు, నేను చూశాను" అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక చాలాసేపు ఏడ్చింది.

భుజం వంకరగా అతుక్కుంది. చెయ్యి ఎత్తగలిగిన రోజునే వెళ్లి డ్రైవింగ్ నేర్చుకోవడానికి చేరింది. నేర్పినాయన ఒకప్పుడు ఫైరింజను నడిపిన ముసలాయన. వెనకవాడు లైట్లు కొట్టినప్పుడల్లా ఆవిడ చేతులు చల్లబడి స్టీరింగు వదిలేసేవి. ముసలాయన ఒకరోజు, "వాడు నీకు కన్ను కొట్టాడనుకో. పరువున్న ఆడది ఏం చేస్తుంది? తల తిప్పకుండా పక్కకి తప్పుకుని తన దారిన తను పోతుంది" అన్నాడు. ఆవిడకు ఏడుస్తూనే నవ్వొచ్చింది. లైసెన్సు వచ్చాక మొదట నడిపింది జైలు దాకానే.

"ఎలా వచ్చావు?" అన్నాడు ఆయన, జాలీ అవతల నుంచి.

"కారులో."

"ఎవరు తీసుకొచ్చారు?"

"నేనే నడుపుకుంటూ వచ్చాను."

ఆయన తల వంచుకుని ఆవిడ భుజం వైపు చూడకుండా కూర్చున్నాడు. ముసలాయన పని మానేస్తూ ఆ స్కూల్లో తన సీటు ఆవిడకు ఇప్పించాడు. భర్త విడుదలై వచ్చేసరికి ఆవిడ బ్రేకక్క అయిపోయింది. ఆయన మళ్లీ లిఫ్టుల పనికే, బస్సులో వెళ్లడం మొదలుపెట్టాడు. కారెక్కాల్సివస్తే వెనక సీట్లో కూర్చునేవాడు.

ఒకరోజు స్కూలుకు ఒక సన్నటి ఆవిడ వచ్చి, బ్రేకక్క దగ్గరే నేర్చుకుంటానని పట్టుబట్టింది. కారులో కూర్చున్నాక అసలు సంగతి చెప్పింది. "నేను ఆ తెల్లజీపాయన భార్యని. మోకాలు పోయింది, నడపలేడు. ఇప్పుడు నేనే నడపాలి. ఆ రోజు మీరు అడ్డం పడకపోతే నాకు మొగుడు లేడు. అందుకే మీ దగ్గరికి వచ్చాను."

బ్రేకక్క బెల్టు లాగి పెట్టుకుంది. "ముందు అద్దం సరిచేసుకోండి" అంది.

ఆ సన్నటావిడకు చెయ్యి స్థిరంగా ఉండేది. కానీ వెనక ఏ బండి గట్టిగా అరిచినా తలను భుజాల్లోకి ముడుచుకునేది. అది రోడ్డు నేర్పిన భయం కాదని బ్రేకక్కకు అనుమానం వచ్చింది. కొన్నాళ్లకు జీపాయన తనూ వస్తానని చేతికర్రతో వచ్చి వెనక సీట్లో ఎక్కాడు. బ్రేకక్క నుదుటి మచ్చ చూసి మొహం తిప్పుకున్నాడు.

రద్దీ రోడ్డు మీద ఒక పాలవ్యాను పక్కనుంచి ముక్కు దూర్చింది. సన్నటావిడ నెమ్మది చేసి దారిచ్చింది.

"ఎందుకిచ్చావే?" వెనకనుంచి అరుపు. "గుద్దు వాణ్ణి! నీకు సిగ్గుందా?"

అంటూనే చేతికర్ర ముందుకు వచ్చి సన్నటావిడ తల మీద పడింది. చెవి పక్కన చీరుకుపోయింది. కారు పక్క వరసలోకి వాలింది. లారీ హారను మీద పడ్డట్టు మోగింది. బ్రేకక్క బ్రేకు తొక్కి, స్టీరింగు లాగి, కారును రోడ్డు అంచుకు తెచ్చి నిలబెట్టింది. కర్ర మళ్లీ లేస్తోంది.

ఆవిడ దిగి వెనక తలుపు తెరిచింది. కర్ర గుంజి అవతల పారేసింది. జీపాయన ఆవిడ ముఖం మీద పిడికిలితో గుద్దాడు. పెదవి పగిలింది. ఆవిడ వాడి చొక్కా కాలరు రెండు చేతులా పట్టుకుని, పాత ఎముక కలుక్కుమంటున్నా వదలకుండా, బస్తాను దించినట్టు బయటికి ఈడ్చి నేల మీద పడేసింది. వాడు తిడుతూ ఆవిడ చీలమండ పట్టుకున్నాడు. రెండో కాలితో ఆ చేతిని తొక్కింది. తొక్కి, ఇంకాస్త తొక్కాలనిపించి, ఆగింది. కర్ర తెచ్చి వాడికి అందేంత దూరంలో పెట్టింది.

"పోనివ్వండి" అంది, కారెక్కి.

"ఆయన?" అంది సన్నటావిడ. చెవి మీద నుంచి రక్తం మెడలోకి కారుతోంది.

"బస్సులొస్తాయి. మా ఆయన రోజూ వాటిలోనే వెళ్తాడు. మీరు సిగ్నల్ వేసి, వెనక చూసుకుని, కదలండి."

వాళ్లు నేరుగా ఆసుపత్రికి, అక్కణ్ణుంచి పోలీస్‌స్టేషనుకు వెళ్లారు. ఆ సన్నటావిడ తర్వాత లైసెన్సు తెచ్చుకుని చెల్లెలి ఊరికి తనే నడుపుకుంటూ వెళ్లిపోయింది. జీపాయన ఫిర్యాదు ఇస్తే స్కూలు బ్రేకక్కను కొన్నాళ్లు ఇంట్లో కూర్చోబెట్టి మళ్లీ పిలిచింది.

గొడవ జరిగిన సాయంత్రమే భర్త బ్రేకక్క పెదవికి మందు రాస్తూ జరిగిందంతా విన్నాడు.

"నడిరోడ్డు మీద దింపేశావా?"

"దింపేశాను."

"నన్నూ అలాగే దింపేసి పోవాల్సింది నువ్వు, ఆ రోజు."

"నాకప్పుడు డ్రైవింగ్ రాదు కదండీ" అంది ఆవిడ.

ఆయన నవ్వబోయాడు, నవ్వలేకపోయాడు. చాలా కాలంగా చూడని ఆ వంకర భుజం వైపు చూసి, ఆవిడ చొక్కా కొద్దిగా పక్కకు జరిపి, అక్కడ కూడా మందు రాశాడు. అది ఎప్పుడో మానిన ఎముక, మందుతో పనిలేదు. ఆవిడ ఆ మాట చెప్పలేదు.