శుక్రవారం మాత్రలు

చెప్పుకోడానికి సిగ్గే, కానీ ఇది చెప్పకపోతే మిగిలింది చెప్పలేను. టీబీ మాత్రలు మింగేవాళ్ళకు మూత్రం ఎర్రగా వస్తుంది. పెనుకొండ ఆసుపత్రిలో మందులిచ్చే ఆమె మొదటి రోజే చెప్పింది, "భయపడొద్దండి అమ్మగారూ, మందు ఒంటికి పడుతున్నట్టు లెక్క" అని. మాత్రలు వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు. ఆ రోజుల్లో మా ఆయన బాత్రూములోంచి వచ్చినాక నేను పోయి నీళ్ళు కొట్టేదాన్ని. రెండు నెలలు ఆ ఎరుపు చూసి చూసి అదే నాకు ధైర్యమైపోయింది. ఒక బుధవారం చూస్తే నీళ్ళు మామూలుగా ఉన్నాయి. శుక్రవారమూ అంతే. 

మా ఆయన పాస్టరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ధర్మవరం నుంచి పెనుకొండకు బదిలీ అయి వచ్చినాము. గుడి పక్కనే రెండు గదుల ఇల్లు. ఏడాది తిరక్కుండానే ఆయనకు దగ్గు పట్టుకుంది. హిందూపురంలో ఎక్సురే తీయిస్తే టీబీ అన్నారు.

సంఘం మమ్మల్ని వదిలిపెట్టలేదు, ఆ మాట ముందే చెప్పాలి. ఒకరింటి నుంచి గుడ్లు, ఇంకొకరింటి నుంచి పాలు. ఆదివారం వాక్యం చెప్పడానికి హిందూపురం నుంచి వేరే పాస్టరుగారిని పిలిపించుకున్నారు. శుక్రవారం శుక్రవారం ఉపవాస కూటం పెట్టినారు, మా ఆయన కోసమే. పొద్దున నుంచి మూడు గంటల దాకా ఎవరూ మెతుకు ముట్టేది లేదు. ఆడవాళ్ళు కూలికి పోకుండా వచ్చి మోకాళ్ళ మీద ఉండేవాళ్ళు. వాళ్ళను చూస్తే నాకు ఏడుపొచ్చేది.

రెండు నెలలకు దగ్గు తగ్గింది. మా సంఘ పెద్ద రిటైరైన బస్సు కండక్టరు. ఆయన వచ్చి, "అయ్యగారూ, సాక్ష్యం చెప్పండి. మన ఉపవాసాలు దేవుడు విన్నాడని అందరికీ తెలియాల" అన్నాడు. మా ఆయన ఆదివారం సంఘం ముందర నిలబడి, "నాకు సంపూర్ణ స్వస్థత కలిగింది. ఇంక మందులతో పని లేదు" అనేసినాడు. హల్లెలూయాలతో గుడి దద్దరిల్లింది. నేనూ చప్పట్లు కొట్టినాను, పిచ్చిదాన్ని. ఆ మాట మీద ఆయన నిజంగానే నిలబడతాడని నాకేం తెలుసు?

మాత్రలు వారానికి ఒక అట్ట ఇచ్చేవాళ్ళు. ఖాళీ అట్ట తిరిగిచ్చి కొత్తది తెచ్చుకోవాల. ఖాళీ అట్టలు సక్రమంగానే పోతాండాయి. మరి మాత్రలు యాడికి పోతాండాయి? ఇల్లంతా వెతికినాను. ఆఖరికి వాకిట్లో క్రోటన్ కుండీలో వేలు పెట్టి గెలికితే దొరికినాయి, తడిసి రంగు దిగిపోయి.

అరచేతిలో పెట్టి చూపించినాను. "ఏంది ఇది?"

ఆయన తల దించుకున్నాడు. "సంఘమంతటి ముందర బాగైందని చెప్పినాను. చాటుగా మాత్ర మింగితే అబద్ధికుణ్ణి కానా? వాళ్ళు నా కోసం కడుపులు మాడ్చుకున్నారే."

"నువ్వు పోతే వాళ్ళకు ఇంకో పాస్టరు వస్తాడు. నాకెవరొస్తారు?" అన్నాను.  మా అమ్మ దగ్గరికి ధర్మవరం పోతానని బెదిరించినాను. దానికి ఆయన బైబిలు తెరుచుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాతి వారంలో దగ్గు మళ్ళీ మొదలైంది. ఆయన రుమాలు ఆయనే ఉతుక్కుంటుంటే నాకు అనుమానమొచ్చింది. ఒక గురువారం లాక్కుని చూస్తే నెత్తుటి మరక. చెప్పులేసుకుని నేరుగా కండక్టరాయన ఇంటికి పోయినాను. ఆయన అంతా విని గొంతు తగ్గించి, "ఇది బయటికి రానియ్యొద్దమ్మగారూ. సంఘం విశ్వాసం పడిపోతాది. ఇంకో రెండు శుక్రవారాలు గట్టిగా ప్రార్థన చేద్దాం" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "విశ్వాసం పడితే లేపుకోవచ్చప్పా. మనిషి పడిపోతే నువ్వొచ్చి లేపుతావా?" అనేసి వచ్చినాను.

మరుసటి రోజే శుక్రవారం. ఆ రోజు మింగాల్సిన మాత్రలు నేనే అట్టలోంచి తీసి కొంగున ముడేసుకుని గుడికి పోయినాను. ముప్పై మంది దాకా ఉన్నారు. మూడు గంటలకు తినడానికి తెచ్చుకున్న క్యారియర్లు గోడ వారగా పెట్టినారు. సాక్ష్యాల వేళ రాగానే నేను లేచినాను. పాస్టరు పెళ్ళాం సంఘంలో లేచి మొగుడి మాట తప్పు అనడం వాళ్ళెన్నడూ చూసుండరు. 

"అయ్యగారికి రోగం పోలేదు. మూడు వారాల నుంచి మాత్రలు మట్టిలో పూడుస్తాండాడు. నిన్న దగ్గితే రక్తం పడింది" అని కొంగు విప్పి చూపించినాను.

 మా ఆయన ముఖం పాలిపోయింది. "అమ్మగారూ, కూర్చోండి" అన్నాడు కండక్టరు పెద్దాయన, గట్టిగా. చచ్చినా కూర్చోకూడదనుకున్నాను.

ముందు వరసలో ఒక అవ్వ ఉండేది. చెనిక్కాయలు వలిచే కూలికి పోయేది, ఒక్క ఉపవాసమూ తప్పలేదు. ఆ అవ్వ మోకాళ్ళు పట్టుకుని లేచింది. నన్ను ఏం తిట్టిపోస్తుందో అనుకున్నాను. ఆమె నా వైపు చూడనే లేదు. గోడకాడికి పోయి తన క్యారియర్ తెచ్చి, మా ఆయన ముందర చతికిలబడి మూత తీసింది. సంగటి ముద్ద, నంజుకోడానికి చెనిక్కాయల ఊరిబిండి.

"అవ్వా, మూడు కాలేదు" అన్నాడు పెద్దాయన.

"మూడైతాది లేప్పా. అందాకా ఈయన ప్రాణంతో ఉండద్దా?" అంది అవ్వ. మా ఆయన వైపు తిరిగి, "నాయనా, నేను ఉపాసముండింది నువ్వు బతకాలని. నువ్వు మాత్ర మింగొద్దని యాడన్నా ప్రార్థన చేసినానా? ఉత్త కడుపున మింగద్దు, ముందు రెండు ముద్దలు తిను" అని, తానే ఒక ముద్ద తుంచి నోట్లో వేసుకుంది. అవ్వ ఉపవాసం విడిచేసింది.

మా ఆయన చెయ్యి చాపలేదు. "సాక్ష్యం చెప్పినా కదవ్వా" అన్నాడు, వినబడీ వినబడనట్టు.

"తొందరపడినావు. నయమైనాక మళ్ళీ చెప్దువులే. తిను."

వెనక ఇంకో క్యారియర్ మూత తీసిన చప్పుడైంది. తర్వాత ఇంకొకటి. చింతాకు పప్పు వాసన, మజ్జిగ వాసన. ఒకరినొకరు చూసుకుంటూ అందరూ తినడం మొదలుపెట్టినారు. పెద్దాయన ఒక్కడే చేతులు కట్టుకుని నిలబడినాడు. కాసేపటికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి మా ఆయన పక్కన పెట్టినాడు. 

మా ఆయన ఏడుస్తూనే తిన్నాడు. మాత్రలు చేతిలో పోసినాను. అందరూ చూస్తుండగా ఒక్కొక్కటే మింగినాడు.

సోమవారం ఆయనే ఆసుపత్రికి పోయి ఉన్నదున్నట్టు చెప్పినాడు. మళ్ళీ పరీక్షలు, మళ్ళీ మొదటి నుంచి మందులు, ఈసారి సూదులు కూడా. మాత్రల రోజు వస్తే చాలు, అవ్వ సంగటితో మా గడపలో ఉండేది, ఆయన మింగిందాకా కదిలేది కాదు. అదంతా ఒక ఎత్తు. నాకు మాత్రం గుడిలో మాత్రలు మింగిన ఆ శుక్రవారం సాయంత్రమే కళ్ళ ముందు ఉండాది. ఆయన బాత్రూములోంచి వచ్చి, తలుపు తెరిచే పెట్టి, "పోయి చూసుకో" అన్నాడు. పోయినాను. ఎర్రగా ఉన్నాయి. నీళ్ళు కొట్టబుద్ధి కాలేదు. ఆడనే గోడకానుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చినాను.