గోడ మీది బసవరాజు

బసవరాజు నటజీవితం అతను చనిపోవడంతో మొదలైంది. పోయింది సీరియల్లో. అది కూడా కథ మొదలవడానికి మూడేళ్ళ ముందే పోయాడు కాబట్టి, పోతూ ఉండగా ఎవరూ చూడలేదు. హీరోయిన్ తండ్రిగా అతని ఫోటోకు ఫ్రేము కట్టించి, గోడకు తగిలించి, గంధపు దండ వేశారు. వేషమంటే అంతే.

అంతకుముందు అతను నాచారం పారిశ్రామికవాడలో ఒక పంపుల కంపెనీ స్టోర్స్‌లో గుమాస్తా. కంపెనీ వార్షికోత్సవానికి ఏటా నాటకం వేసేవారు. ఇన్‌స్పెక్టర్ వేషం బసవరాజుదే, ఎందుకంటే అద్దెకు తెచ్చిన ఖాకీ ప్యాంటు అతనికే సరిగ్గా పట్టేది. ఆఖరి రంగంలో వచ్చి "వీణ్ణి అరెస్ట్ చేయండి" అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు, నాటకం అయిపోయినందుకు. బసవరాజు మాత్రం అవి తనవేనని ఇంటికి పట్టుకుపోయేవాడు. 2006లో కంపెనీ మూతపడింది. అప్పటికతనికి నలభై ఎనిమిదేళ్ళు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని ఉప్పల్‌లో బస్సెక్కి నాచారంలో దిగే అలవాటు మాత్రం పోలేదు. కంపెనీ గేటుకు తాళం ఉండడంతో, కొంచెం ముందుకు నడిచి స్టూడియో గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టాడు.

అక్కడ ప్రొడక్షన్ మేనేజర్ త్రిమూర్తులు. రాజోలు వైపు మనిషి. వేషాలడిగేవాళ్ళ ఫోటోలన్నీ ఆయన చేతిసంచిలోనే ఉంటాయి. బసవరాజు ఇచ్చిన ఫోటో ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర తీయించుకున్నది. ఫోటోగ్రాఫర్ నవ్వొద్దన్నాడు, గడ్డం ఎత్తమన్నాడు, ఊపిరి బిగబట్టమన్నాడు. బసవరాజు మూడూ శ్రద్ధగా చేశాడు.

త్రిమూర్తులు ఆ ఫోటోను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇలాంటి మొహం దొరకడం కష్టమండీ. చూడగానే పోయి మూణ్ణాలుగేళ్ళయినట్టుంది."

బసవరాజు దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు. "డైలాగుంటదా సార్?" అని అడిగాడు.

"మీకుండదు, మీతో ఉంటాది. హీరోయిన్ రోజూ వచ్చి కష్టాలన్నీ మీతోనే చెప్పుకుంటాది. రేపు ఫ్లాష్‌బ్యాక్ పడిందనుకోండి, మీరు గోడ దిగి నడుస్తారు."

ఆ ఒక్క మాట మీద బసవరాజు ఒప్పుకున్నాడు. ఇంట్లో మాత్రం తండ్రి వేషమని చెప్పాడు గానీ, ఆ తండ్రి ఉన్నాడో పోయాడో చెప్పలేదు.

మొదటి ఎపిసోడ్ సాయంత్రం ఆరున్నరకు. భార్య తారామణి పక్కింటి పద్మావతిని కూడా పిలిచింది. పద్మావతి భర్తది రైల్వేలో ఉద్యోగం, వాళ్ళది ఏలూరు. టీవీలో హీరోయిన్ తల్లి, వెలిసిన చీర కట్టుకున్న ఒకావిడ, దీపం వెలిగించి తలెత్తింది. కెమెరా ఉరుము చప్పుడుతో మూడుసార్లు బసవరాజు మొహం మీదికి దూకింది.

పద్మావతి ఇటు తిరిగి కుర్చీలో ఉన్న బసవరాజును చూసింది, అటు తిరిగి టీవీలో దండ చూసింది. "అదేంటి వదినగారూ, అన్నయ్యగారు..."

"పోయిండు," అంది తారామణి. "గిక్కడ కూసొని చాయ్ తాగుతుండు గానీ, పోయిండు."

పద్మావతి వెళ్ళిపోయింది. తారామణి తలుపు వేసి వచ్చి భర్త ఎదురుగా నిలబడింది.

"నువ్వేమో పోయినవ్. ఇంకొకామె దీపం వెట్టి ఏడుస్తున్నది. మరి నేనెవర్ని?"

"గది యాక్టింగే తారా."

"ఎవరు జేసిన్రు యాక్టింగు? నువ్వు రెప్ప గూడ కొట్టలే."

ఆ మాట బసవరాజుకు తగలాల్సిన చోటే తగిలింది. తారామణి అక్కడితో ఆగలేదు. బతికున్న మనిషికి దండేసి అట్లనే గోడకు వదిలేస్తారా అంది. దండ తీయించమంది. "లేకుంటే నువ్వు గూడ పోయి ఆ గోడకే పండు. బువ్వ గామెనే పెడ్తది."

మర్నాడు బసవరాజు డైరెక్టర్ గిరిప్రసాద్‌ను పట్టుకున్నాడు. దండ లేకుండా కుదరదా అని అడిగాడు.

"దండ తీస్తే దుబాయ్ వెళ్ళాడనుకుంటారండీ," అన్నాడు గిరిప్రసాద్.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. షాట్ ఉన్నంతసేపే దండ. షాట్ అయ్యాక తీసేయొచ్చు. కానీ వేయడం, తీయడం సెట్‌లో వాళ్ళ పని కాదు, బసవరాజే చూసుకోవాలి. ఆ విధంగా, మనిషితో పనిలేని వేషానికి మనిషి రోజూ హాజరయ్యాడు. పొద్దున్నే వచ్చి స్టూలెక్కి తన ఫోటోకు తానే దండ వేసుకునేవాడు. సాయంత్రం మళ్ళీ స్టూలెక్కి తీసేవాడు. ఇంటికి వెళ్ళి "తీసిన" అనేవాడు. అప్పుడు తారామణి కంచం పెట్టేది.

మధ్యలో ఉన్న పొద్దంతా అతనిదే. ఎవరు ఎక్కడ నిలబడితే లైటు పడుతుందో, ఏడ్చేవాళ్ళు ముక్కు చీదకుండా ఎలా ఏడుస్తారో చూస్తూ కూర్చునేవాడు. హీరోయిన్ ఫోటో ముందు చేతులు జోడించి "నాన్నా, నువ్వే ఉంటే" అని మొదలుపెట్టినప్పుడు కెమెరా పక్కన నిలబడి లోపల్లోపలే జవాబు చెప్పేవాడు. ఒకరోజు గిరిప్రసాద్ విసుక్కున్నాడు. "మీరు పెదాలు కదపకండి. పోయిన మనిషి గొణుగుతుంటే ఆ అమ్మాయికి నవ్వాగట్లేదు."

ఫ్లాష్‌బ్యాక్ ఎప్పుడని త్రిమూర్తుల్ని వారానికొకసారి అడిగేవాడు. పడుతుందండీ అనేవాడు త్రిమూర్తులు, వానను గురించి చెప్పినట్టు.

అలా ఉండగా ఘట్‌కేసర్‌లో తారామణి చెల్లెలి గృహప్రవేశం వచ్చింది. బసవరాజు మధ్యాహ్నానికే దండ తీసి డబ్బాలో పెట్టి బస్సెక్కాడు. స్టూడియోలో భోజనాలయ్యాక అదే గదిలో ఇంకో రెండు సీన్లు తీశారు. గోడ మీది మనిషి వైపు ఎవరూ చూడలేదు. వారం తర్వాత ఆ ఎపిసోడ్ వచ్చింది. మర్నాడు గిరిప్రసాద్ పిలిపించాడు.

"దండ ఎవరు తీశారు?"

"నేనే సార్. ఇంట్ల జర ఫంక్షన్ ఉండె..."

"ఛానెల్‌కి ఫోన్ల మీద ఫోన్లంట. నాన్న బతికే ఉన్నాడా, అమ్మకి నిజం తెలిసే దండ తీసేసిందా అని. ఛానెల్ వాళ్ళు బతికించేయమంటున్నారు."

బసవరాజు ఆ రోజు బస్సు కోసం కూడా ఆగలేదు, హబ్సిగూడ దాకా నడిచాడు. తారామణి విని, "నేను జెప్పిన్నా లేదా," అంది. మొగుణ్ణి తానే వెనక్కి తెచ్చినంత ధీమాగా రెండు రోజులు తిరిగింది. అతను జుట్టుకు రంగు వేయించుకున్నాడు. అద్దం ముందు నిలబడి "తల్లీ, నేనే" అన్నాడు, నాలుగైదు రకాలుగా.

సంగతి చెప్పాల్సిన పని త్రిమూర్తుల మీద పడింది.

"ఛానెల్‌కి తెలిసిన మొహం కావాలంటండీ. పాత సినిమాల్లో తమ్ముడి వేషాలేశాడు చూడండి, ఆయన్ని మాట్లాడారు."

"మరి ఫోటోల నేనున్న గద సార్."

"యాక్సిడెంట్లో మొహం కాలింది. ప్లాస్టిక్ సర్జరీ చేశారు. కట్లు విప్పితే ఆయన మొహం ఉంటాది."

"నా మొహం?"

"కాలిపోయిందండీ," అన్నాడు త్రిమూర్తులు, నిజంగానే బాధపడుతూ. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆయన డేట్లు పై నెల దాకా లేవు. అందాకా కట్లతో ఎవరో ఒకరు మంచమ్మీద పడుకోవాలి."

బసవరాజు చెప్పులు చూసుకున్నాడు. "కదలొచ్చా?" అని అడిగాడు.

"చేతులు కదపొచ్చు. మూలగొచ్చు."

"చేస్త."

ఇన్నాళ్ళూ మొహం ఉంది, నటించే వీల్లేదు. ఇప్పుడు వీలు దొరికింది, మొహం లేదు. కళ్ళకు రెండు కంతలు వదిలి మిగతాదంతా గుడ్డ చుట్టారు. మొదటి మూలుగుకే గిరిప్రసాద్ కట్ చెప్పాడు. "కాలింది మొహమండీ, కడుపునొప్పి కాదు." రెండోసారి తగ్గించాడు. హీరోయిన్ మీదికి వంగి "నాన్నా" అంది. కంటికి రాసుకున్న గ్లిజరిన్ ఘాటు నేరుగా బసవరాజు కంతల్లోకి దిగింది. ఎడమ కంట్లోంచి నీటిబొట్టు జారి కట్టులోకి ఇంకింది. గిరిప్రసాద్ కుర్చీలోంచి లేచి, "ఇదీ కావాల్సింది," అన్నాడు. యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. ఆ బొట్టు ఎందుకు వచ్చిందో బసవరాజు ఎవరికీ చెప్పలేదు.

టీవీలో అది వచ్చిన సాయంత్రం తారామణి చిక్కుడుకాయలు ఒలుస్తూ చూసింది.

"ఎడమ కన్ను జర చిన్నగుంటది, నువ్వే," అంది. మళ్ళీ ఒకటి ఒలిచి, "కంట్ల ఏం పడ్డది?" అని అడిగింది.

బసవరాజు ఛానెల్ మార్చాడు.

పై నెలలో కట్లు విప్పారు, పాత సినిమాల పెద్దాయన మొహం బయటపడింది, తల్లీ కూతుళ్ళు ఆ మొహాన్నే కావలించుకుని ఏడ్చారు. గోడ మీది ఫోటో తీసి బసవరాజుకు ఇచ్చేశారు. దాన్ని చంకలో పెట్టుకుని గేటు దాకా వచ్చాక త్రిమూర్తులు వెనకనుంచి పిలిచాడు. ఇంకో సీరియల్ మొదలవుతోంది, అందులోనూ తండ్రి పోయాడు. అదే ఫోటో ఇస్తే చాలు, మళ్ళీ తీయించుకునే పని కూడా లేదన్నాడు.

"ఎట్ల పోయిండు?" అన్నాడు బసవరాజు.

"గుండెపోటండి. అయినా అది మనకెందుకు?"

"ఎప్పుడు?"

"కూతురి పెళ్ళిలో. అదంతా మాటల్లో చెప్పేస్తారు."

"మాటలల్ల వద్దు. నేనే సస్త. ముందు బతికున్న సీనుండాలె, అందులనే సావాలె, తర్వాత ఎన్నేండ్లంటే అన్నేండ్లు గోడకు వేలాడ్త. లేకుంటే ఫోటో ఇయ్య."

వేషాలడిగే మనిషి బేరం పెట్టడం త్రిమూర్తులు అంతకుముందు చూడలేదు. లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. మొదటి ఎపిసోడ్‌లో సగం దాకా బతకొచ్చన్నారు. షూటింగ్ సోమవారం.

తారామణి అంతా విని ఒక్కటే షరతు పెట్టింది. "ఏమన్న జేస్కో. ఇంట్ల మాత్రం సావద్దు. ప్రాక్టీస్ గీక్టీస్ అని గీ మంచం మీద పడ్డవంటే మంచిగుండదు."

అందుకని బసవరాజు బస్సులో చావవలసి వచ్చింది. శనివారం సాయంత్రం, స్టూడియోలో చొక్కా కొలతలిచ్చి ఉప్పల్ బస్సెక్కాడు. నిలబడడానికే చోటు లేదు. గుండె పట్టుకుని వెనక్కి విరుచుకుపడడం అతనికి వచ్చు, అందరికీ వచ్చు. అది వద్దనుకున్నాడు. పంపుల కంపెనీలో వాచ్‌మన్ హన్మయ్య గేటు దగ్గరే పోయాడు. ఛాతీ పట్టుకోలేదు. చేతిలో చాయ్ గ్లాసును కింద పెట్టడానికి చోటు వెతికాడు, ఎక్కడా నచ్చనట్టు. అంతే.

బసవరాజు చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలా అని చూశాడు. సీటు కిందా, కిటికీ అంచునా, ఎవరి ఒళ్ళోనో. చూస్తూ చూస్తూ ఊపిరిని కొంచెం కొంచెంగా వదిలాడు.

ముందు సీట్లో ఉన్న అమ్మాయి లేచి డబ్బా అందుకుంది. "తాతా, ఇట్ల కూసో. కండక్టరన్నా, బస్సాపు. ఈయనకు మంచిగ లేదు."

తాత అన్నందుకు నొచ్చుకోవడానికి కూడా టైము ఇవ్వలేదు. ఎవరో నీళ్ళు తాగించారు, ఎవరో చొక్కా గుండీలు విప్పారు. డ్రైవర్ ఎవరినీ ఎక్కించుకోకుండా ఉప్పల్ దాకా తోలాడు. "ఏం లేదన్నా, గాలాడలే" అంటే ఒక్కరూ నమ్మలేదు. బసవరాజుకు సిగ్గేసింది. నమ్మకపోవడం బాగానే ఉందని కూడా అనిపించింది. ఒక లావుపాటి ఆయన చేయి వదలకుండా దించి, దగ్గర్లోని దవాఖానాకు నడిపించి, వైర్లు తగిలించి గుండె చూసేదాకా పక్కనే నిలబడ్డాడు.

డాక్టర్ ఈసీజీ కాగితం మడిచి పెట్టాడు. "గుండె బాగుందండీ. ఏం పని చేస్తారు?"

బసవరాజు గుండీలు పెట్టుకుంటూ కొంచెం ఆలోచించాడు.

"యాక్టర్ని సార్. సోమవారం సచ్చిపోవాలె. గందుకే, ఎట్లొస్తదో సూసుకుంటున్న."

డాక్టర్ ఆ కాగితం విప్పి, మళ్ళీ మొదటినుంచి చూడసాగాడు.