మా మావయ్యని కూర్చోనివ్వని రివాల్వర్

ఒక నిండు మనిషిని ఏళ్ల తరబడి కూర్చోకుండా చేయడం మీవల్ల అవుతుందా? నావల్ల అయింది. అదీ ఎవర్ని, నాకు పిల్లనిచ్చిన మామగారిని! తుపాకీ చూపించి బెదిరించాననుకునేరు. కాదు, తుపాకీ కొనిపెట్టి చేశాను. ఆ ఘనకార్యమేమిటో చెబుతాను, కడుపుబ్బా నవ్వుకోండి. తలుచుకుంటే నాకూ నవ్వే వస్తుంది.

మా మావయ్యది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. పత్తీ మిరపా పండించే ఆసామి. ఎప్పుడో మిర్చి డబ్బుతో వస్తుంటే దారి కాశారని, లైసెన్సు తీసుకుని ఒక రివాల్వర్ కొనుక్కున్నాడు. అది పేలగా విన్నవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు. తూటాలు అత్తయ్య బీరువాలో, బీరువా తాళం అత్తయ్య బొడ్లో. ఖాళీ రివాల్వర్నే తోలు ఒరలో పెట్టి, తెల్ల పంచె మీద బెల్టు బిగించి, పొట్టకింద ముందుకి కట్టుకునేవాడు. ఇంట్లో ముఖ్యమైన పని ఏదున్నా అది నడుముకి ఉండాల్సిందే.

"అది లేకపోతే పంచె జారిపోతున్నట్టుంటుంది అల్లుడూ" అనేవాడు.

అలాంటిది తుప్పు తినేసి, ఇక బాగుపడదని తేలిపోయింది. సరిగ్గా అప్పుడే మా మరదలు సుజాతకి ఒంగోలు వైపు నుంచి మంచి సంబంధం వచ్చింది. శుక్రవారం పెళ్లిచూపులు. సుజాత ఆ అబ్బాయి ఫొటో చూసి అప్పటికే మనసు పారేసుకుంది. మావయ్యకేమో వియ్యంకుడి ముందు బోసి నడుముతో నిలబడాలంటే ప్రాణం పోతోంది. పైగా కంటి ఆపరేషనై నల్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు.

"అల్లుడూ, నా కళ్లు నువ్వే. గుంటూరులో పాతవి అమ్ముతారు. అచ్చం మనదాని లాంటిదే చూడు. ఒర మాత్రం మార్చను" అన్నాడు.

పెళ్లయిన ఇన్నాళ్లకి ఆయన నన్ను అడిగిన మొదటి పని! నాకు సత్తెనపల్లిలో పొలాలకి మందు కొట్టే స్ప్రేయర్ల షాపు ఉంది. సరుకు ముఖం చూడకుండా మోడల్ నంబరు చెబితే చాలు, దాని జాతకం చెప్పేస్తానని నాకు మహా గర్వం. పాత రివాల్వర్ నంబరు కాగితాల్లో చూసి బట్టీ పట్టాను: ముప్పై ఒకటి, గీత, ఒకటి.

గుంటూరు షాపులో మావయ్యని ఓ మూల కుర్చీలో కూర్చోబెట్టాను. పాతది బాగుపడదని తేల్చిన షాపాయనే రెండు తీశాడు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగ్గొట్టంది.

"మీ మావగారి దానికి జత ఇదేనండి" అని పొట్టిదాన్ని ముందుకి తోశాడు.

నేను తూటాలు పెట్టే చక్రం పక్కకి తీయించి, లోపల చెక్కిన నంబరు చదివాను. "గీత తర్వాత రెండు ఉందేంటండీ? మాది ఒకటి."

"ఆ రెండంటే లోపల ఏదో చిన్న మార్పు చేశారనండి. పైకి అంతా ఒకటే."

"మరి ఆ పొడుగుదాని మీద సరిగ్గా మా నంబరే ఉందిగా?"

"నంబరు అదేనండి. కానీ ఒకే నంబరులో పొట్టివీ వస్తాయి, పొడుగువీ వస్తాయి. గొట్టం పొడవు నంబరులో తెలీదు. కళ్లతో చూసుకోవాలి."

"ఏవండీ, నేనూ షాపు నడిపేవాణ్ణే. అమ్ముడుపోని సరుకు అంటగట్టేటప్పుడు మేమూ ఇలాగే చెబుతాం!"

పాపం, ఆయన దణ్ణం పెట్టేసి పొడుగుదాన్ని పెట్టెలో పెట్టాడు. నిజం చెప్పొద్దూ, మావయ్య పాత రివాల్వర్ని నేను ఒరలో తప్ప బయట చూసిందే లేదు. అది పొట్టో పొడుగో నాకేం తెలుసు? మావయ్య సంతకాలు పెడుతూ "మా అల్లుడు నంబర్లలో దిట్ట" అన్నాడు. నా ఛాతీ చొక్కా గుండీలు తెంపుకునేంత పొంగింది.

మంచిరోజు చూసి తెరుస్తానని పెట్టెని దేవుడి గదిలో పెట్టాడు. శుక్రవారం పొద్దున్న కుంకుమ పెట్టి తెరిచాడు. గొట్టాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా తడిమాడు.

"ఏమయ్యా, రివాల్వర్ తెమ్మంటే స్ప్రేయర్ గొట్టం తెచ్చావా?"

ఒరలో సగమే దూరింది. నేను బ్లేడు పెట్టి ఒర అడుగు కోసేశాను. గొట్టం కిందికి పొడుచుకొచ్చింది. నిలబడితే మావయ్య దర్జాగానే ఉన్నాడు. కూర్చోబోయాడు చూడండీ, మూతి తొడలో గుచ్చుకుంది, పిడి డొక్కలో పొడిచింది. "ఓరి నాయనో!" అని లేచిపోయాడు.

"విప్పేయండి మావయ్యా!"

"ఇవాళ కట్టింది ఇవాళ విప్పకూడదు. అపశకునం."

అంతలో కారు వాకిట్లో ఆగింది. పెళ్లికొడుకు తండ్రి పొగాకు రైతు, పెద్దమనిషి. చేతులు జోడించి లోపలికొచ్చాడు.

"కూర్చోండి బావగారూ" అన్నాడు మావయ్య.

"మీరు కూర్చోండి ముందు."

"అబ్బే, మీరు కూర్చోవాలి."

"ఇంటి యజమాని నిలబడితే మేమెలా కూర్చుంటామండీ?"

ఆయన కూర్చోలేదు. ఆయన కూర్చోలేదని వాళ్లావిడా కూర్చోలేదు, పెళ్లికొడుకూ కూర్చోలేదు. సోఫాలన్నీ ఖాళీ. అందరూ బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడి కాఫీలు తాగారు. సుజాతని తీసుకొచ్చారు. గుమ్మంలోంచి చూస్తే అందరూ నిలబడి ఉన్నారు! తను నచ్చక వెళ్లిపోతున్నారనుకుని పిల్ల బావురుమని లోపలికి పరిగెత్తింది. అత్తయ్య నావైపు చూసిన చూపు ముందు ఎండుమిర్చి కూడా చల్లగానే ఉంటుంది.

పెళ్లికొడుకు తండ్రి నన్ను వరండాలోకి పిలిచాడు. "బాబూ, నిజం చెప్పు. మీ మావగారికి ఈ సంబంధం ఇష్టం లేదా? నడుముకి తుపాకీ, ముఖం చిట్లింపు, కూర్చోమంటే కూర్చోడు. మమ్మల్ని వెళ్లిపొమ్మనా?"

సుజాత ఏడుపు వరండాలోకి వినిపిస్తోంది. నోటికొచ్చింది అనేశాను.

"అయ్యో, అది కాదండీ! మా మావయ్య పిల్లనిచ్చేవాళ్ల ఎదుట... అదే, పిల్లని చేసుకునేవాళ్ల ఎదుట కూర్చోరండి. వాళ్ల ఇంటి పద్ధతి."

ఆయన కళ్లు చెమర్చాయి. "ఈ రోజుల్లో కూడా ఇంత మర్యాద తెలిసిన మనుషులున్నారా!" అని లోపలికెళ్లి మావయ్యని వాటేసుకున్నాడు. తుపాకీ పిడి ఇద్దరికీ గుచ్చుకుంది. సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది.

అక్కడితో గండం గడిచిందనుకున్నారా? అసలు శిక్ష అప్పుడే మొదలైంది. తర్వాతిసారి వాళ్లొచ్చినప్పుడు మావయ్య రివాల్వర్ లేకుండా హాయిగా కుర్చీ లాక్కున్నాడు. నేను చెవిలో గొణిగాను: "మావయ్యా, పద్ధతి!" లేచి నిలబడ్డాడు. బారసాలకి నిలబడ్డాడు, గృహప్రవేశానికి నిలబడ్డాడు, మోకాళ్లు అరిగిపోయినా నిలబడ్డాడు. వియ్యంకుడి ముందు ఆయన కూర్చుంది ఒక్క పెళ్లిపీటల మీదే. కన్యాదానమయ్యాక పంతులుగారు లేవమంటే, "ఇంకో రెండు మంత్రాలేమైనా మిగిలాయేమో చూడండి పంతులుగారూ" అని బతిమాలాడు.

నేనే ఒకసారి అన్నాను, "నిజం చెప్పేద్దాం మావయ్యా" అని.

"చెబితే నీ మాట అబద్ధమైపోద్ది కదయ్యా. మా ఇంటి అల్లుడివి. నిలబడితే పోయేదేముంది?" అన్నాడు. అంత మంచివాడు మా మావయ్య.

మావయ్య పోయారు. పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక వియ్యంకుడు నా పక్కన కుర్చీలో కూలబడి, మోకాళ్లు రెండూ రుద్దుకుంటూ భోరుమన్నాడు.

"మహానుభావుడయ్యా. కానీ ఒక్క మాట చెబుతా, ఎవరితో అనకు. ఆయన కూర్చోకపోతే నేనెలా కూర్చుంటాను? ఒక్కసారి ఆయన కుర్చీలో కూర్చుంటే నేనూ కూర్చుందామని ఇన్నేళ్లూ ఎదురు చూశానయ్యా! మీ ఇంటికొస్తున్నానంటే ముందురోజే మోకాళ్లకి తైలం రాయించుకునేవాణ్ణి."

అందుకే, మా మావయ్య సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇకమీదట ఏ వస్తువైనా నంబరు చూసి కొనను. నడుముకి కట్టుకుని, షాపులోనే కుర్చీ వేయించుకుని, హాయిగా కూర్చోగలిగితేనే డబ్బు కడతాను.