పిల్లల అర్జీలు తీసుకున్న గుమాస్తా

మృత్యుంజయగారు రాబర్ట్‌సన్‌పేటలో మునిసిపల్ గుమాస్తా. బయటి నుంచి వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, సంబంధించిన బల్ల మీదికి పంపడం ఆయన పని. ఎడమ చెవి సరిగా వినపడదు. అందుకని ఎవరు మాట్లాడినా కుడి చెవి ముందుకు చాచి, బల్ల మీదికి వంగి వినేవాడు. మా మాట అంత శ్రద్ధగా వినే పెద్దమనిషి ఊళ్ళో ఆయనొక్కడే అని మేం పిల్లలం అనుకునేవాళ్ళం.

మా కోలారు బంగారు గనులు కేంద్ర ప్రభుత్వం చేతిలోకి పోయి పదేళ్ళు దాటిన రోజులు. నాకు తొమ్మిదేళ్ళు. మా నాన్న చంద్రశేఖర బడిపంతులు. మా బడి దారిలో ఒక వీధి కొళాయి ఉండేది. బిందెలు పట్టడానికని ఎత్తుగా పెట్టారు. నీళ్ళు తాగాలంటే మేం రాయి ఎక్కి, ఒక చేత్తో మీట నొక్కి, ఇంకో చేత్తో నీళ్ళు పట్టుకోవాలి. ఒక రోజు నా స్నేహితురాలు సొన్నమ్మ ఆ రాయి మీద నుంచి జారి ముందుపన్ను విరగ్గొట్టుకుంది. పక్కపల్లె నుంచి రోజూ రెండు మైళ్ళు నడిచి వచ్చే పిల్ల. ఏడుస్తూ కూడా, "మా అమ్మకి చెప్పొద్దే, బడి మాన్పిస్తాది" అంది.

ఆ సాయంత్రమే నేను కన్నడంలో ఒక అర్జీ రాశాను. మరునాడు బడి వదిలాక ఆఫీసుకి తీసుకెళ్ళాను. బంట్రోతు దొడ్డప్ప నవ్వి, "ఏం పాపా, మీ నాయన పంపినాడా?" అన్నాడు.

"లేదు, నేనే రాసినాను."

మృత్యుంజయగారు నవ్వలేదు. రెండుసార్లు చదివి, "కొళాయి యాడ ఉండాదో రాయలేదే అమ్మా" అని పెన్ను నా చేతికిచ్చాడు. వీధి పేరు రాశాను. ఆయన ముద్ర కొట్టి, నంబరు వేసి, ఆ నంబరు చిన్న చీటీ మీద రాసి ఇచ్చాడు. "నంబరు పడినాక ఇంగ దీన్ని ఎవురూ పారేసేదానికి లేదు. జవాబు వస్తాది, పో."

పన్నెండో రోజున నా పేరుకి కార్డు వచ్చింది. నా జీవితంలో నాకు వచ్చిన మొదటి ఉత్తరం అది. ఆ వారంలోనే పైపుల పని చేసే హనుమంతప్ప వచ్చి, మమ్మల్ని వరుసగా గోడకి నిలబెట్టి, మా గడ్డాల ఎత్తు చూసుకుని, పాత కొళాయి పక్కనే పొట్టి కొళాయి ఒకటి బిగించాడు. మొదటి నీళ్ళు సొన్నమ్మే తాగింది.

సంగతి అన్ని బడులకీ పాకింది. పిల్లల రద్దీకి ఆఫీసులో పని సాగక, మేనేజరు శంకరనారాయణగారు మృత్యుంజయగారిని పిలిచి, "ఇది ఆఫీసా, బాలవాడా?" అని అడిగారట. ఈయన నిబంధనల పుస్తకం తెరిచి చూపించాడట. "ఎవరైనా అర్జీ ఇయ్యచ్చని ఉండాది సార్. వయసు రాయలేదు." మేనేజరు ఆ పుట చదివి, సరే, శనివారం మధ్యాహ్నాలు మాత్రం, అదీ వరండాలో, అన్నారు. అలా వరండాలో మాకొక బెంచీ పడింది.

పార్కులో జారుడుబల్ల ఎండకి కాలుతోందని ఒకరు రాస్తే, దాని పక్కన కానుగ మొక్క నాటించారు. హెడ్మాస్టరుని బదిలీ చేయమని నలుగురు అబ్బాయిలు రాశారు. దానికీ నంబరు పడింది. "ఇది మా పరిధిలోనిది కాదు" అని మర్యాదగా జవాబు పోయింది.

ఆయన్ని బాగా ఇబ్బంది పెట్టింది మంగళ అర్జీ. ఏడేళ్ళ పిల్ల, చాంపియన్ రీఫ్స్ గని కార్మికుల లైన్లలో ఇల్లు. తండ్రి కృష్ణప్ప గనిలో రాత్రి షిఫ్టు. పగలంతా నాయన నిద్రపోతాడు, ఇంట్లో నవ్వినా కొడతారు, నాయనకి పగటి షిఫ్టు ఇయ్యండి, అని రాసింది. దానికి జవాబు రాయడం ఆయన చేత కాలేదు. ఆదివారం బస్సెక్కి వాళ్ళింటికే వెళ్ళాడు. తోడుకి నన్నూ, మా నాన్ననీ తీసుకెళ్ళాడు.

కృష్ణప్ప కాగితం చివరి దాకా చదివాడు. తరువాత కూతుర్ని దగ్గరికి లాక్కుని, "నాతో చెప్పలేదే తల్లీ" అన్నాడు.

"నువ్వు నిద్రపోతాంటివి కదా నాయనా" అంది మంగళ.

మృత్యుంజయగారు ఆ పిల్ల ముందు చతికిలబడి కూర్చున్నాడు. "షిఫ్టు మార్చేది నా చేతిలో లేదమ్మా. అబద్ధం చెప్పను. ఆడుకునేదానికి చోటు మాత్రం అడుగుతాను."

అన్నట్టే నెల రోజులు తిరిగాడు. ఆ లైన్లకి దగ్గరున్న బడి మైదానం సెలవు రోజుల్లోనూ, సాయంత్రాలూ తెరిచి ఉంచడానికి బడివాళ్ళని ఒప్పించాడు. మొదటి ఆదివారం అక్కడ లేచిన అరుపులు, తొక్కుడుబిళ్ళ తగాదాలు నాకింకా చెవుల్లో ఉన్నాయి. కృష్ణప్ప కూడా వచ్చి గోడ మీద కూర్చున్నాడు, కళ్ళు నులుముకుంటూ.

ఆరేళ్ళు నడిచాయి ఆ శనివారాలు. తరువాత ఆయనకి మాలూరు బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన మంచివాడే కాని, పిల్లలు వెళితే పెద్దవాళ్ళని తీసుకురమ్మనేవాడు. మెల్లగా వెళ్ళడం మానేశాం. అప్పటికి మేమూ పెద్దవాళ్ళమవుతున్నాం.

చాలా ఏళ్ళ తరువాత మాలూరు బడిలో నాకు ఉద్యోగం వచ్చింది. ఒక సాయంత్రం స్టేషనులో రైలు కోసం చూస్తుంటే, బెంచీ మీద ఆయన. పూర్తిగా నెరిసిపోయాడు. పేరు చెప్పగానే కుడి చెవి ముందుకు చాచి, మళ్ళీ చెప్పించుకుని, నా చెయ్యి పట్టుకున్నాడు.

"మాలూరులో కూడా పిల్లలు అర్జీలు ఇచ్చినారా సార్?" అని అడిగాను.

"లేదమ్మా. రిటైరయ్యే దాకా చూసినాను. నా అంతట నేను పిల్చలేను గదా. ఎవురో ఒకరు ముందు రావల్ల."

మరుసటి వారం మా అయిదో తరగతిలో, ఈ ఊళ్ళో మీకు ఏది కష్టంగా ఉందో అర్జీగా రాయండని అడిగాను. నలభై మందీ తలలు వంచి రాయడం మొదలుపెట్టారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.