మచ్చలేని పాట

అరవైల చివర నేను యూనివర్సిటీలో ఇంజినీరింగు చదివేవాణ్ణి. తార్నాకలో మా పక్కింటి అక్క, రేడియోలో రోజూ వచ్చే ఒక సినిమా పాటకు సొంతంగా బాణీ కట్టుకుంది. చరణాలు కూడా తనే మార్చి రాసుకుంది. అప్పటికి ఆమె కూతురికి ఏడాది నిండలేదు. వారంలో ఆమె గొంతుకు ఆపరేషన్. తర్వాత మాట ఉంటుందని డాక్టరు హామీ ఇవ్వలేదు. అందుకే ఒక ఆదివారం ఆమెను మా ల్యాబులోని టేపు రికార్డరు ముందు కూర్చోబెట్టాను.

పాడబోయిన ప్రతిసారీ ముందు మైకుతో మాట్లాడింది.

“ఏంది, గట్ల చూస్తున్నవ్? కరుస్తవా?” అని దాన్ని అడిగింది. నాతో, “తమ్మీ, ఆ ఫ్యాన్ బంద్ చెయ్. నాకన్న ముందే రాగం తీస్తున్నది” అంది.

ఐదోసారికి పాట కుదిరింది.

మర్నాడు టేపు విని చిట్టా రాసుకున్నాను: దగ్గులు నాలుగు, నవ్వులు మూడు, తప్పిన పల్లవులు నాలుగు, మాటలు రెండు నిమిషాలు. అన్నీ బ్లేడుతో కోసి పారేసి, మిగిలిన టేపు అతికించాను. మచ్చలేని పాట తయారైంది.

ఆపరేషన్ తర్వాత ఆమెకు మాట రాలేదు. మెడకు కట్టుతోనే వచ్చి పాటంతా వింది. టేపు ఆగిపోయినా స్పీకరు వైపే చూస్తూ కూర్చుంది. చివరికి నా నోటుబుక్కు తీసుకుని రాసింది: “పాట మంచిగున్నది తమ్మీ. ఇగ నేను మాట్లాడింది పెట్టు. మా బిడ్డ పెద్దగైనంక అమ్మ మాట వినాలె.”

ఆమె చేతిలోని పెన్సిల్ తీసుకుని, ఆ వాక్యం కిందే జవాబు రాశాను: “కోసి పారేశానక్కా.”