వెడల్పు లెన్సులో వంగిన డ్యామ్

నేను తీసిన మొదటి ప్రకృతి దృశ్యంలో కృష్ణమ్మ ఉంది, కొండలున్నాయి, మబ్బులున్నాయి, సాగర్ డ్యామ్ ఉంది. కింద ఎడమ మూలన నా చెప్పు కూడా ఉంది, కాలితో సహా. ఇన్నేళ్ల పెళ్లిళ్లలో ఏ చుట్టం చెప్పూ ఫోటోలో పడనీయకుండా పేరు తెచ్చుకున్నవాణ్ని, చివరికి సొంత చెప్పుకు దొరికిపోయాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పుడు మా లెక్కల సారు, వీడికి కోణాలు ఈ జన్మలో రావని చెప్పాడు. ఆయన వైడ్ యాంగిల్ లెన్సు గురించి అంత ముందుగా ఎలా చెప్పగలిగాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నల్లగొండలో నాకొక ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, పాసుపోర్టు ఫోటోలు. కొండలూ నీళ్లూ తీయాలన్న కోరిక నాకెప్పుడూ లేదు. కొండలు కట్నాలు చదివించవు, ఆల్బం అడగవు. ఆ కోరిక మా మామది.

మామ అంటే నా భార్య తండ్రి. సాగర్ డ్యామ్ మీద గేట్లు ఎత్తే, దించే పనిలో ముసలివాడయ్యాడు. రిటైరయ్యాక నందికొండలో క్వార్టర్ ఖాళీ చేసి మా ఇంటికి వచ్చాడు. లోకంలో అల్లుళ్లు ఇల్లరికం పోతారు, మా ఇంటికి మామ వచ్చాడు. ఈ మాట ఆయన ముందరే అంటుంటాను. ఆయన మాత్రం ఊరుకుంటాడా?

"ఇల్లరికమచ్చిన అల్లునికి కోడికూర పెడ్తరు. నాకు నీ స్టూడియో కావలి పెట్టిండ్రు," అంటాడు.

ఆయనకు ఒకే ఒక్క కొరత ఉండేది. గేట్లెత్తిన రోజుల్లో జిల్లాలన్నీ కదిలి సాగర్ చూడ్డానికి వచ్చేవి. పిల్లాజెల్లా కింద నిలబడి తడిసేవారు. మామ మాత్రం డ్యూటీలో పైన ఉండేవాడు. పైనుంచి చూస్తే తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడదట. అందరికీ వడ్డించి తాను తినకుండా మిగిలిపోయిన వంటమనిషి బతుకు.

"సర్వీసంత గేట్లెత్తిన అల్లుడా. ఎత్తినంక ఎట్లుంటదో ముంగట నిలవడి ఒక్కపారి చూడలే," అనేవాడు.

రిటైరైతే తీరిగ్గా చూడొచ్చనుకున్నాడు. ఆయన రిటైరయ్యాడో లేదో వానలు కూడా రిటైరయ్యాయి. చివరికి ఒక శ్రావణంలో ఎగువ నుంచి వరద వచ్చి గేట్లన్నీ ఎత్తారన్న కబురు తెలిసేసరికి మామ దవాఖానలో, కడుపు మీద కుట్లతో పడుకుని ఉన్నాడు. పేగు జారితే ఆపరేషన్ చేశారు. మంచం దిగొద్దన్నాడు డాక్టర్. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వన్న పో అల్లుడా. అన్ని గేట్లు ఒక్క ఫోటోల రావాలె. ఒక్కటి గూడ పోవద్దు. మళ్ల నీళ్లొచ్చేదాంక నేనుంటనో, ఉండనో."

ఎప్పుడూ ఏదో ఒకటి తిప్పి అనే నోరు నాది. ఆరోజు "సరే మామా" అని మాత్రమే అన్నాను.

పెళ్లి ఫోటోగ్రాఫర్‌కు అన్నిటికంటే పెద్ద భయం ఒకటి ఉంటుంది. గ్రూపు ఫోటోలో ఎవరైనా తప్పిపోతే, ఆ చుట్టం చచ్చేదాకా నన్ను తిడతాడు. ఆ భయంతోనే హైదరాబాద్ పోయి, కోఠిలో కెమెరా సామాను కిరాయికిచ్చే దుకాణంలో నిలబడ్డాను. బాగుంటే అదే లెన్సు కొనేసి పెళ్లిళ్లతో పాటు కొండలు కూడా తీద్దామని లోపల ఒక ఆశ పుట్టింది.

"అన్నిట్ల కెల్ల వెడల్పుది ఏది?" అన్నాను.

దుకాణం అతను పద్నాలుగు ఎం.ఎం. లెన్సు తీసి అద్దం మీద పెట్టాడు. లెన్సు మీద అంకె ఎంత చిన్నదైతే అంత వెడల్పుగా పడుతుంది. ముందు గాజు కప్ప కన్నులా ఉబ్బి ఉంది.

"ఏం తీస్తవన్నా?"

"డ్యామ్."

"నీ తాన ఇరవై నాలుగుది ఉంటది గద, పెండ్లిల్లకు వాడేది. అది సాలదా? గిది జర సూస్కోని వాడాలె. అంచుల పడ్డోళ్లు లావైతరు."

"డ్యామ్ లావైతే మంచిదే గద, ఇంకిన్ని నీళ్లు పడ్తయి," అన్నాను. అతను నవ్వాడు. గెలిచాననుకుని ఆ కప్ప కన్నును సంచిలో వేసుకున్నాను.

మర్నాడు సాగర్‌లో జనం మధ్య దారి చేసుకుని డ్యామ్‌కు ఎంత దగ్గరికి పోగలనో అంత దగ్గరికి పోయాను. ముందున్న నురగ కూడా రావాలని కెమెరాను కిందికి వంచాను. నిజంగానే గేట్లన్నీ పట్టాయి. తుంపరలు పడుతుంటే గాజు తుడవడానికి భయం, గీత పడితే కిరాయిదాన్ని నేనే కొనుక్కోవాలి. నాలుగు ఫోటోలు తీసుకుని, పని అయిందనే ధీమాతో నేరుగా దవాఖానకు వచ్చాను.

మామ కళ్లద్దాలు పెట్టుకుని కెమెరా తెరలోకి చూశాడు. ముఖం మాడిపోయింది.

"డ్యామ్ వంగింది," అన్నాడు.

చూస్తే నిజమే. పై అంచున పడిన కట్ట విల్లులా వంగి ఉంది. దగ్గరి గేట్లు రాక్షసుల్లా ఉన్నాయి, అవతలి కొసవి సన్నగా అరిగిపోయి ఉన్నాయి.

"ఎవలికన్న చెప్పినవా? ఫోన్ ఇటు తే, మా దోస్తు డ్యూటీల ఉంటడు," అంటూ లేవబోయాడు.

"లెన్సు వంచింది మామా. డ్యామ్ మంచిగనే ఉన్నది."

ఆయన మళ్లీ పడుకున్నాడు. "మేం గిన్నేండ్లు కాపాడినదాన్ని ఒక్కపూటల వంచి తెచ్చినవ్. ఆ కొసకున్నయి గేట్లా, దువ్వెన పండ్లా? నా తరం గాదు లెక్కపెట్టుడు." తర్వాత గోడవైపు తిరిగాడు. నేను ఏదో అనబోతుంటే నా భార్య నా మోచెయ్యి గిల్లింది.

"ఇయ్యాల నవ్వియ్యకు. నాయిన ఏడుస్తుండు," అంది మెల్లగా.

కుట్లు విప్పి ఇంటికి పంపిన రోజే పాత దోస్తు ఫోన్ చేశాడు. పైనుంచి వచ్చే నీళ్లు తగ్గుతున్నాయి, పొద్దుగూకేలోపు గేట్లు దించడం మొదలుపెడతారేమో అని. మామ అప్పటికే అంగీ తొడుక్కుంటున్నాడు.

"నాయినా, పుండు పచ్చిగనే ఉన్నది. కుదుపులకు పగిలితే?" అంది నా భార్య.

"పగిలితే మళ్ల కుడ్తరు బిడ్డా. గేట్లు దించితే మళ్లెప్పుడెత్తుతరో ఎవలికెరుక?"

పక్కింటివాళ్ల కారు అడిగి తెచ్చి, ఇంకా తిరిగివ్వని కప్ప కన్నుతో సహా కెమెరా సంచి అందులో పెట్టాను. దారి పొడుగునా మామ ఎదురొచ్చే బండ్ల మీది జనాన్నే చూస్తున్నాడు. తడిసి ఉన్నవాళ్లు కనబడితే "ఉన్నయి" అంటున్నాడు. పొడిబట్టలవాళ్లు వస్తే ఊపిరి బిగబడుతున్నాడు. హాలియా దాటాక ఎవరో పొడిగా వచ్చారు. నా కాలు దానంతటదే యాక్సిలరేటర్‌ను గట్టిగా నొక్కింది. తర్వాత మలుపు తిరగగానే ఒక ట్రాలీ నిండా తడిసిన ఆడవాళ్లు, పిల్లలు. మామ కళ్లు మూసుకుని సీటుకు ఆనుకున్నాడు.

గేట్లన్నీ ఎత్తే ఉన్నాయి. కానీ నేను మొన్న నిలబడ్డ చోట తాడు కట్టి ఉంది. దాని పక్కనే ఒక పోలీసాయన.

"ఓ కెమెరా! ఎన్కకు పో. బ్రిడ్జి మీదికి పో."

"సార్, ఈ పెద్దమనిషి ఈ డ్యామ్ మీదనే పనిచేసిండు."

"అట్లయితే ఆయనకు తెల్వాలె గద, గేట్లెత్తినప్పుడు ఈడికి రావద్దని."

"నిజమే గద," అన్నాడు మామ, నా పక్షం వదిలేసి.

దిగువన ఉన్న వంతెన మీదికి పోయాం. అక్కడినుంచి డ్యామ్ దూరం. కప్ప కన్నులోంచి చూశాను. ఆకాశం బోలెడు, నీళ్లు బోలెడు, మధ్యలో డ్యామ్ పంచె అంచంత. ఇంతదూరం వచ్చింది పంచె అంచు చూపించడానికా? ఆ లెన్సు ఊడదీసి, సంచిలో పడివున్న పెళ్లిళ్ల లెన్సు బిగించి, దాని వెడల్పంతా తెరిచి ఇరవై నాలుగు మీద పెట్టాను. కట్టను ఫోటో నడుమకు తెచ్చాను. ఈ కొస గేటు నుంచి ఆ కొస గేటు దాకా అన్నీ పట్టాయి, అటూ ఇటూ కొంచెం కొండ కూడా మిగిలింది. కట్ట దారం పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. నొక్కాను.

అప్పుడు అర్థమైంది నాకు. మరీ వెడల్పు లెన్సుకు దగ్గరున్నది ముద్దు, దూరమున్నది చేదు. దగ్గర్లో చూపించదగ్గ బండో పువ్వో ఉంటే దానితో అది అద్భుతాలు చేస్తుంది. నేను దానికి దగ్గరగా పెట్టింది నా చెప్పును.

ఫోటో చూపిద్దామని తిరిగితే మామ నావైపు చూడడం లేదు. కమ్మీ పట్టుకుని డ్యామ్‌నే చూస్తున్నాడు. కట్ట పైన చీమంత మనిషి ఒకడు అటునుంచి ఇటు నడుస్తున్నాడు. మామ వాణ్ని చివరిదాకా చూశాడు. చాలాసేపటికి తనే కెమెరా అడిగి తీసుకున్నాడు. మొరటు వేలు గేటు గేటు మీదా ఆనిస్తూ పోయాడు, పెదాలు కదులుతున్నాయి. కొసకు చేరాక వేలు ఆగింది.

"ఉన్నయి," అన్నాడు. "అన్ని ఉన్నయి అల్లుడా."

కాసేపటికి అవతలి కొసన ఒక గేటు మెల్లగా దిగడం మొదలైంది. మామ దానికేసి చూసి, ఇక పట్టింపు లేనట్టు, "ఆకలైతాంది. చేప ఏపుతున్నరు ఆడ," అన్నాడు. అంగీ ఎత్తి చూశాను, పుండు పొడిగానే ఉంది. కారం తగ్గించమని చెప్పి ఇద్దరం చేపలు తిన్నాం. ఇంటికి ఫోన్ చేస్తే నా భార్య ముందు "నాయిన కడుపు?" అంది, తర్వాత "గేట్లు?" అంది. రెంటికీ ఒకటే జవాబు, మంచిగున్నయి.

కప్ప కన్నును గీత పడకుండా దుకాణంలో అప్పజెప్పాను. కొంటావా అని అడిగితే దండం పెట్టాను. తర్వాత మెల్లగా ఇరవై నాలుగులోనే మంచిదొకటి కొనుక్కున్నాను. ఇప్పుడు పెళ్లిళ్లు లేని రోజుల్లో గుట్టలు తీస్తున్నాను.

ఆ ఫోటో పెద్దది చేయించి స్టూడియో గోడకు పెట్టాను. వచ్చిన ప్రతి గిరాకీకీ దాని కథ చెబుతుంటాను. ఒకనాడు పాసుపోర్టు ఫోటో కోసం వచ్చినాయన ముందు కొంచెం ఎక్కువే చెప్పాను. మా మామ సర్వీసంతా చేయలేని పని నేను ఒక్క నొక్కుతో చేశానని, అన్ని గేట్లనూ ఒక్కచోటికి తెచ్చానని.

మూల కుర్చీలో పేపరు చదువుతున్న మామ తల కూడా ఎత్తలేదు.

"గేట్లు యాడ్నుంచి యాడికి తెచ్చినవ్ అల్లుడా? అవి ఉన్నకాడ్నే ఉన్నయి. పోలీసోడు తోలిండు, నువ్వు ఎన్కకు పోయినవ్. గంతే."